పెరట్లో, మిద్దె మీద కూరగాయలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇల్లు హైదరాబాద్ శివార్లలో ఉంది. ఇంటి వెనక గోడకీ ప్రహరీకీ మధ్య ఆరడుగుల వెడల్పున మట్టి నేల, పైన మిద్దె, అంతే మా తోట. తొమ్మిదేళ్లుగా ఈ రెండు చోట్లా కూరగాయలు పెంచుతున్నాం. ఇంటికొచ్చినవాళ్లు కాఫీ తాగి పైకెక్కి చూసి అడిగేవి, చుట్టాలు ఫోన్లో ఆకుల ఫోటోలు పంపి అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పే ఓపిక లేక ఒకచోట రాసేశాను. నేను వ్యవసాయం చదువుకున్న మనిషిని కాదు, చెడగొట్టి నేర్చుకున్నవే ఇందులో ఎక్కువ.

నా చేయి మంచిది కాదండీ, ఏం వేసినా బతకదు. నాకు తోట పనికొస్తుందా?

ఈ మాట అన్నవాళ్లందరినీ నేను తిరిగి అడిగేది ఒకటే, ఎప్పుడు వేశారని. కొత్తిమీర ఏప్రిల్లో చల్లామంటారు, క్యాబేజీ నారు మార్చిలో కొన్నామంటారు, చిక్కుడు గింజలు సంక్రాంతి అయ్యాక పెట్టామంటారు. అప్పుడు వేస్తే ఎవరి చేయైనా మంచిది కాదు మరి! మా పిన్ని ఐదేళ్లపాటు టమాటా మా ఇంటికి అచ్చిరాదు అనే అంది. ఆరా తీస్తే, ఏటా ఉగాది రోజున మంచిదని నారు నాటేది. అవి పూతకొచ్చేసరికి మే నెల, పగలు నలభై డిగ్రీలు, రాత్రి కూడా సెగ. అంత వేడిలో టమాటా పువ్వులో పుప్పొడి పాడైపోయి పిందె కట్టకుండానే రాలిపోతుంది. ఆ తర్వాతి సంవత్సరం ఆగస్టులో నారు పోయించి సెప్టెంబర్‌లో నాటించాను, డిసెంబర్ వచ్చేసరికి ఇరుగుపొరుగుకి పంచలేక టమాటా పచ్చడి పెట్టేసింది. చేయి అదే, మట్టి కూడా అదే.

ఏ నెలలో ఏం వేయాలి?

మన వైపు మూడు అదనులు గుర్తుపెట్టుకుంటే చాలు. మొదటిది తొలకరి. మృగశిర కార్తె వచ్చి రెండు మంచి వానలు పడ్డాక, అంటే జూన్ రెండో వారం నుంచి బెండ, గోరుచిక్కుడు, బీర, కాకర, సొర, పొట్ల, చిక్కుడు, గోంగూర అన్నీ గింజ పెట్టేయొచ్చు. వంగ, మిర్చి నారు అప్పుడే పోసుకుంటే ఐదారు వారాలకి నాటడానికి వస్తుంది. రెండోది చలికాలం పంట. టమాటా నారు ఆగస్టులో, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు సెప్టెంబర్‌లో పోసుకోవాలి. ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్, పాలకూర, మెంతి, కొత్తిమీర అక్టోబర్, నవంబర్లలో నేరుగా విత్తుకోవాలి. మూడోది జనవరి చివరి నుంచి ఫిబ్రవరి దాకా. అప్పుడు బెండ, దోస, బీర, సొర వేస్తే ఎండలు ముదిరేలోపు తీగ నిలదొక్కుకుంటుంది. మార్చి దాటాక కొత్తగా ఏదైనా వేయాలని చేతులు దురదపెడితే తోటకూర, బచ్చలి వేసుకోండి.

కోస్తాలో ఉన్నవాళ్లకి ఒక తేడా ఉంది. అక్కడ చలి తక్కువ కాబట్టి కాలీఫ్లవర్ మా అంత బాగా గడ్డ కట్టదు, అక్టోబర్, నవంబర్లలో తుఫాను భయం కూడా ఉంటుంది. పందిరి వెదురుతోనో ఇనప పైపుతోనో గట్టిగా వేసుకోండి. మా మేనత్త వాళ్లు సర్వీ కర్రలతో వేసిన పందిరి కాకర కాయలతో సహా పక్కింటి దొడ్లో తేలింది.

చిక్కుడు పాదు పందిరంతా పాకింది, ఆకు తప్ప ఒక్క పువ్వు లేదు. ఎరువు తక్కువైందా?

ఎరువు ఎక్కువై ఉండొచ్చు కానీ తక్కువ మాత్రం కాదు. అసలు సంగతి పగటి పొడవు. మన పందిరి చిక్కుడు పగలు తగ్గి రాత్రి పెరిగినప్పుడే పూస్తుంది. జూన్‌లో వేసినా ఆగస్టులో వేసినా పూత వచ్చేది అక్టోబర్, నవంబర్ నెలల్లోనే. ముందు వేస్తే పందిరి నిండుతుంది, ఆలస్యంగా వేస్తే చిన్న పాదుగా ఉండగానే పూస్తుంది. మా వైపు రథసప్తమికి చిక్కుడు కాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెడతారు కదా, మాఘమాసం నాటికి ప్రతి పెరట్లోనూ కాయా ఆకూ రెండూ ఉండేవి కాబట్టే ఆ ఆచారం పుట్టిందని నా నమ్మకం. పండక్కి చిక్కుడు కాయలు కొనాల్సి వచ్చిందంటే ఆ ఏడు మా తోట ఫెయిలయినట్టే అని మా ఇంట్లో లెక్క.

జూలైలో ఆకు చూసి కంగారుపడి యూరియా వేయకండి. వేస్తే ఇంకా ఆకే వస్తుంది. ఏడాది పొడవునా కాయ కావాలంటే పగటి పొడవుతో పని లేని పొద చిక్కుడు రకాలున్నాయి, బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ, ఐఐహెచ్ఆర్, ఇచ్చిన అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే. మోకాలెత్తు పెరుగుతాయి, కుండీకి బాగుంటాయి. రుచికి మాత్రం పందిరి చిక్కుడే. దీని మీద నాతో వాదన పెట్టుకోవద్దు.

మేం అమెరికాలో ఉంటాం. చిక్కుడు పూసే వేళకి మంచు పడి చచ్చిపోతోంది. ఏం చేయాలి?

పై జవాబే మీకూ వర్తిస్తుంది, కాకపోతే మీకు కష్టం ఎక్కువ. అక్కడ వేసవిలో పగలు మనకన్నా చాలా పొడుగు, పగలు తగ్గి చిక్కుడు పూతకొచ్చేసరికి సెప్టెంబర్ చివరో అక్టోబరో అవుతుంది. డాలస్‌లో అయితే నవంబర్ దాకా గట్టి చలి పడదు కాబట్టి నాలుగు కోతలు తెంపుకోవచ్చు. న్యూజెర్సీలో ఆ వ్యవధి ఉండదు. అటువైపు వాళ్లు పొద రకాలు వెతుక్కోవడమో, పెద్ద కుండీలో వేసి చలి పడగానే గరాజులోకి జరుపుకోవడమో చేయాలి. గోంగూరతో ఈ బాధ లేదు. అది కూడా పగలు తగ్గితేనే పూస్తుంది, మనకి కావాల్సింది ఆకే కాబట్టి పూయకపోవడమే మేలు. టెక్సాస్ ఎండకి గోంగూర మనిషెత్తు పెరుగుతుంది.

ఇంకో మాట, అమ్మ ఇచ్చిందని గింజలు సూట్‌కేసులో పడేసుకుని వెళ్లకండి. తగిన సర్టిఫికెట్ లేకుండా విత్తనాలు తీసుకెళ్లడం అక్కడి నిబంధనలకి విరుద్ధం, ఎయిర్‌పోర్టులో లాగేసుకుంటారు. అక్కడే మనవాళ్లు మన గింజలు అమ్ముతున్నారు.

మిద్దె మీద మట్టి వేస్తే ఇల్లు కూలదు కదా?

కూలదని గుడ్డిగా చెప్పను. లెక్క చూద్దాం. మనుషులు ఎక్కి తిరిగే మిద్దెకి మన దేశంలో ఇంజనీర్లు వాడే ప్రమాణం, ఐఎస్ 875, చదరపు మీటరుకి 150 కిలోల బరువు లెక్కగడుతుంది. అదే చదరపు మీటరులో అడుగు లోతున మట్టి పరిచి తడిపితే అర టన్ను దగ్గరకొస్తుంది. కాబట్టి శ్లాబు మీద నేరుగా మట్టి పరిచి మడులు కట్టే ఆలోచన, ఇల్లు కట్టేటప్పుడే దానికోసం డిజైన్ చేయించుకుంటే తప్ప, మానేయండి. బరువైన డ్రమ్ములు, తొట్లు గోడల మీదుగా, దూలాల మీదుగా వచ్చేలా అంచుల వెంబడి పెట్టుకోండి, మధ్యలో ఆకుకూరల ట్రేల్లాంటి తేలికవి చాలు. పాత ఇల్లయితే ఒకసారి ఇంజనీరుకి చూపించండి, ఆ ఫీజు దండగ కాదు.

కూలడం కన్నా కారడం మామూలు సమస్య. కుండీని నేల మీద ఆనించి పెడితే కింద తేమ నిలిచి, వేర్లు రంధ్రంలోంచి బయటికొచ్చి శ్లాబు పగుళ్లలోకి దూరతాయి. మా బెడ్‌రూమ్ సీలింగ్ మీద తడి మచ్చ కనిపించాక గానీ మాకీ సంగతి తెలియలేదు. ఒక మునగ మొక్క చేసిన పని అది, మునగని మిద్దెక్కించడం నా తెలివితక్కువతనం. ఇప్పుడు అన్నీ ఇటుకల మీదో ఇనప స్టాండ్ల మీదో, కింద చీపురు దూరేంత ఖాళీ ఉంచి పెడుతున్నాం.

కుండీలో ఏ మట్టి పోయాలి?

ఒక తట్ట ఎర్రమట్టి, ఒక తట్ట బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్, ఒక తట్ట కొబ్బరి పొట్టు, పైన కుండీకి గుప్పెడు వేపపిండి. మిద్దెకి ఇదే, నేల మీద అయితే కొబ్బరి పొట్టు అక్కర్లేదు. పొట్టు ఇటుకని నానబెట్టాక ఆ నీళ్లు ఒంపేసి ఇంకో రెండుసార్లు కడగండి, అందులో ఉప్పు ఉంటుంది. కడగకుండా వాడి, నారు ఎందుకు మాడిందో తెలియక తల పట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

చివికిన ఎరువు అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, మూడో ఏడు ఒక నర్సరీ నుంచి "రెడీ మిక్స్" అని ముప్పై సంచులు తెప్పించాం. సంచి విప్పితే గుప్పున పేడ వాసన. అయినా వాడేశాం. నాలుగు రోజులకి లోపల చేయి పెడితే వెచ్చగా కాలుతోంది, వారానికి వంగ నారంతా వాడిపోయింది. మాగిన ఎరువుకి వాన పడ్డ మట్టి వాసనే రావాలి, చేతిలో నలిపితే టీ పొడిలా రాలిపోవాలి. పేడ వాసన వస్తే రెండు నెలలు నీడలో కప్పిపెట్టి తర్వాత వాడండి.

ఏ మొక్కకి ఎంత కుండీ?

ఆకుకూరలకి జానెడు లోతు ట్రే చాలు, చేపల దుకాణంలో పడేసే థర్మోకోల్ పెట్టెలు కూడా బ్రహ్మాండంగా పనికొస్తాయి. టమాటా, మిర్చి, బెండకి ఇరవై లీటర్ల పెయింట్ డబ్బా ఒక్కో మొక్కకి. వంగకి ఇంకొంచెం పెద్దది. తీగజాతికి మాత్రం కక్కుర్తి పడొద్దు, సొర, బీర, దొండలకి రెండొందల లీటర్ల డ్రమ్ముని సగానికి కోసి వాడండి. చిన్న సంచిలో వేసిన సొర నాలుగు కాయలిచ్చి నీరసించిపోతుంది. దేనికైనా అడుగున రంధ్రాలు ఉన్నాయో లేదో చూడండి. నవ్వకండి, రంధ్రం పెట్టడం మర్చిపోయినవాళ్లే వానాకాలంలో నాకు ఎక్కువగా ఫోన్ చేస్తారు.

సొరకాయ పిందెలు వేలెడు అయి పసుపెక్కి రాలిపోతున్నాయి. ఏ మందు కొట్టాలి?

మందు వద్దు. పరాగం అందలేదు, అంతే. సొర, బీర, కాకర, గుమ్మడిలో ఒకే తీగకి మగ పువ్వులు, ఆడ పువ్వులు వేరువేరుగా వస్తాయి. మొదటి రెండు మూడు వారాలు వరసగా మగ పువ్వులే పూసి రాలతాయి, అది మామూలే, కంగారు పడొద్దు. ఆ తర్వాత వచ్చే పువ్వుల్లో కొన్నిటి వెనక చిట్టి కాయ ఆకారం కనిపిస్తుంది, అవి ఆడవి. మిద్దె మీదికి, అందులోనూ మూడో అంతస్తుకి, తేనెటీగలు సరిగ్గా రావు. అప్పుడు ఆ పని మనమే చేయాలి.

సొర పువ్వు తెల్లగా సాయంత్రం పూట విచ్చుకుంటుంది. పొద్దున్నే వెళ్లి ప్రయత్నిస్తే లాభం లేదు, అప్పటికి ముడుచుకుపోయి ఉంటుంది. నేను దీపాలు పెట్టే వేళకి పైకెళ్తాను. అప్పుడే విచ్చుకున్న మగ పువ్వుని కాడతో సహా తుంచి, రేకులు వెనక్కి వలిచేసి, మధ్యలో ఉండే పసుపు కేసరాన్ని వేలితో ముట్టి చూస్తాను, పొడి వేలికి అంటాలి. ఆడ పువ్వు మధ్యలో మూడు పాయలుగా పచ్చటి కీలాగ్రం ఉంటుంది, దానికి ఈ కేసరాన్ని మెల్లగా, అన్ని వైపులా తగిలేలా రాస్తాను. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పువ్వులకి సరిపోతుంది. అంటిందో లేదో మూడో రోజుకి తెలిసిపోతుంది. అంటితే పిందె మెడ కిందికి వంగి, నూగు నిగనిగలాడుతుంది, లేకపోతే కొన నుంచి పసుపెక్కుతుంది. బీర కూడా సాయంత్రమే. గుమ్మడి, కాకర మాత్రం తెల్లవారుజామున విచ్చుకుంటాయి, ఎనిమిది దాటితే ఆలస్యమే.

బతుకమ్మ రోజుల్లో పిల్లలు గుమ్మడి పూల కోసం వస్తే మగ పువ్వులే కోసుకోమని చూపించండి. ఒకసారి మా వీధి పిల్లలు ఆడా మగా అన్నీ కోసుకెళ్లారు, బతుకమ్మ మటుకు చాలా బాగా వచ్చింది.

రోజూ నీళ్లు పోయాలా? ఎప్పుడు పోయాలి?

వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి. తడి తగిలితే ఆ రోజు పోయొద్దు. ఎండాకాలం రెండు పూటలా, చలికాలం రోజు విడిచి రోజు, వానాకాలం చూసుకుని. పొద్దున్న పోయడం మంచిది. మధ్యాహ్నం ఆకులు వాడిపోయినట్టు కనిపించి సాయంత్రానికి తేరుకుంటే అది ఎండకే, దాహానికి కాదు. మట్టి తడిగా ఉండి కూడా మొక్క పొద్దున్నే వాలి ఉంటే వేరు కుళ్లుతోందన్నమాట, ఇంకా నీళ్లు పోసి చంపకండి. టమాటా కాయ అడుగు నల్లగా మచ్చపడి కుళ్లడం కూడా చాలాసార్లు నీళ్ల తేడా వల్లే, రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు ముంచితే కాయకి కాల్షియం సరిగ్గా అందదు.

బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. నెలకోసారి వాన నీళ్లో మంచినీళ్లో అడుగు నుంచి కారిపోయేంత పోసి కడిగేయండి.

చిక్కుడు చివర్ల నిండా నల్లటి పురుగులు, మిర్చి ఆకులు ముడుచుకుపోతున్నాయి. ఏం చేయను?

రెండూ వేరు. చిక్కుడుకి పట్టింది పేనుబంక. దగ్గరకెళ్లి ఒక్క నిమిషం చూడండి, ఆ పేల మధ్య చీమలు బారులు తీరి తిరుగుతుంటాయి. పేనుబంక వదిలే తియ్యటి జిగురు కోసం చీమలు వాటిని ఆవుల్ని కాచినట్టు కాస్తాయి, పక్క కొమ్మకి మోసుకెళ్తాయి కూడా. అందుకే చీమల్ని ఆపకుండా పేనుబంకని ఎన్నిసార్లు కడిగినా మళ్లీ వస్తుంది. మొదట పైపుతో నీళ్లు గట్టిగా కొట్టి రాల్చేయండి, ముదిరిన చివర్లు తుంచి సబ్బునీళ్ల బకెట్లో వేయండి, తర్వాత లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల కుంకుడు రసం కలిపి సాయంత్రం కొట్టండి. కుంకుడు ఎందుకంటే నూనె నీళ్లలో కలవదు, నురగ దాన్ని కలుపుతుంది. వారం ఆగి మళ్లీ కొట్టాలి, ఒక్కసారికే అయిపోయిందనుకోవద్దు.

మిర్చి విషయంలో ఆకు ఎటు ముడిచిందో చూడండి. అంచులు పైకి లేచి పడవలా ఉంటే తామర పురుగు, కిందికి ముడిచి బోర్లించిన పడవలా, కాడ పొడుగ్గా సాగినట్టుంటే నల్లి. తామర పురుగుకి వేపనూనె పనిచేస్తుంది. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు, అది కూడా ఎండ లేనప్పుడు, వేపనూనె కొట్టిన వారం రెండు వారాల్లో మాత్రం కాదు, ఆకు మాడుతుంది. ఆకులు పసుపెక్కి, చిన్నవైపోయి, మొక్క గిడసబారితే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్, దానికి మందు లేదు. పీకి పారేయండి. బెండలో ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులు కూడా అంతే. మనసొప్పక ఉంచుకుంటే పక్కవాటికి అంటుతుంది.

పొలంలో కొట్టే మందు మామయ్య దగ్గర ఉంది, కొంచెం కొట్టొచ్చా?

వద్దు. పత్తికీ వరికీ కొట్టేవి ఇంటి కూరలకి కాదు. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందుని కూరగాయల మీద వాడటం మన దేశంలో 2005 నుంచే నిషేధం, అయినా ఊళ్లలో సగం సీసా అటక మీద కనిపిస్తూనే ఉంటుంది. రేపు కోసి పిల్లలకి పెట్టే తోటకూర మీద అది కొట్టేకన్నా బజారులో కొనుక్కోవడం నయం.

వంకాయలో పురుగు లేకుండా పండించొచ్చా?

పూర్తిగా లేకుండానా, నావల్ల కాలేదు. తగ్గించొచ్చు. మొదట మొవ్వు వాలిపోతుంది, పొద్దున్నే చూస్తే ఒక్క చివర మాత్రం తల వేలాడేసి ఉంటుంది. దాన్ని రెండంగుళాల కింద తుంచి చీల్చి చూడండి, లోపల గులాబీ రంగు పురుగు ఉంటుంది. ఆ దశలోనే రోజూ తుంచితే కాయలోకి వెళ్లేవి సగానికి సగం తగ్గుతాయి. తుంచిన వాటిని అక్కడే పడేయకండి, కవర్లో వేసి ఎండలో పెట్టండి. కాపు తగ్గిన వంగని పీకేయక్కర్లేదు, మోకాలి కిందికి కత్తిరించి గుప్పెడు ఎరువేస్తే నెలన్నరకి మళ్లీ కాస్తుంది. ఆకులు చిట్టిచిట్టిగా గుబురుగా వచ్చి కాయడం మానేస్తే మాత్రం వెర్రి తెగులు, దాన్ని పీకాల్సిందే.

జీవామృతం ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. ఇది పేడ, మూత్రం, బెల్లం కలిపి మాగబెట్టే ద్రవ ఎరువు. ప్రకృతి వ్యవసాయాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ చెప్పిన ఎకరం లెక్క 200 లీటర్ల నీళ్లకి, దాన్ని పదో వంతు చేసుకోండి. 20 లీటర్ల నీళ్లు, కిలో ఆవుపేడ, అర లీటరు నుంచి లీటరు దాకా మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు మంచి మట్టి. నీడలో ఉంచి పొద్దునా సాయంత్రం కర్రతో కలిపితే రెండు మూడు రోజులకి సిద్ధం. ఒకటికి పది నీళ్లు కలిపి మొక్కల మొదళ్లలో పోయండి. అపార్టుమెంటు వాళ్లు మూత వేసుకోండి, వాసన గురించి మెట్ల మీద మాటలు పడాల్సి వస్తుంది. అంత ఓపిక లేకపోతే నెలకోసారి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్ట్ చాలు, మొక్కలేం అలగవు.

విత్తనాలు ఎక్కడ కొనాలి? కూరగాయలోంచి తీసి వేస్తే రావా?

బజారు టమాటాలు ఎక్కువగా హైబ్రిడ్, వాటి గింజ మొలుస్తుంది కానీ తల్లి పోలిక రాదు. విత్తనాల సంచి మీద ఎఫ్1 అని ఉంటే హైబ్రిడ్ అన్నమాట, ఆ ఏటికే. ఆకుముడతని తట్టుకునే అర్క రక్షక్ టమాటా హైబ్రిడ్డే, ఏటా కొనాలి. అర్క వికాస్ టమాటా, అర్క అనామిక బెండ, భాగ్యమతి వంగ లాంటి సూటి రకాలైతే గింజ దాచుకోవచ్చు. టమాటా, చిక్కుడు, గోరుచిక్కుడు తమలో తామే పరాగం చేసుకుంటాయి కాబట్టి తేలిక. సొర, బీర అలా కాదు, పక్కింటి సొరతో కలిసిపోతాయి. రకం నిలవాలంటే ఆడ పువ్వు విచ్చే ముందురోజే గుడ్డ కట్టి, చేత్తో పరాగం చేసి, ఆ కాయకి దారం కట్టి వదిలేయాలి.

మా అత్తగారు గింజలకి బూడిద పట్టించి, పాత చీర ముక్కలో మూటకట్టి, పప్పు డబ్బాల వెనక పెట్టేవారు. ఆవిడ ఇచ్చిన చిక్కుడు మూటలోంచి ఇప్పటికీ వేస్తున్నాం, దాని పేరేంటో ఎవరికీ తెలియదు, గనుపు దగ్గర ఊదారంగు ఉంటుంది.

కొన్ని గింజలకి చిన్న చిట్కాలున్నాయి. కాకర గింజ పెంకు గట్టిది, కొన దగ్గర గోళ్లు తీసే కట్టర్‌తో కొంచెం నొక్కి రాత్రంతా నానబెట్టండి. ధనియాలు అరచేత్తో రుద్ది రెండుగా చీల్చి చల్లండి.

దొండకి గింజలు దొరకడం లేదు?

గింజతో పని లేదు. కాసే పాదు నుంచి పెన్సిల్ లావు ముదురు తీగ జానెడు కోసి, రెండు కణుపులు మట్టిలోకి వెళ్లేలా గుచ్చండి. కాసే పాదు నుంచే తెచ్చుకోండి, దొండలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు.

గోంగూర పూసేసి ముదిరిపోతోంది, ఎలా ఆపాలి?

కోస్తూ ఉండండి. మొక్క జానెడు అవగానే తల తుంచితే పక్క కొమ్మలొస్తాయి. ఆకులు ఒక్కొక్కటీ గిల్లడం కన్నా కొమ్మలు కోయడం మేలు. అక్టోబర్ తర్వాత ఏం చేసినా పూస్తుంది, అప్పుడు ఎర్ర గోంగూర కాయల రేకులతో పచ్చడి చేసుకోండి, పుల్లగా భలే ఉంటుంది. తెలంగాణ వాళ్లు పుంటికూర అనేదీ ఇదే, రెండు పేర్లు చూసి రెండు ప్యాకెట్లు కొనకండి.

ఎండాకాలం మిద్దె మీద ఏమీ బతకడం లేదు.

యాభై శాతం షేడ్ నెట్ ఏప్రిల్‌కి ముందే కట్టండి, మొక్కలకి మూడు నాలుగడుగుల పైన, గాలి ఆడేలా. కుండీలన్నీ దగ్గరగా జరిపితే ఒకదాని నీడ ఒకదానికి పడుతుంది. మట్టి పైన ఎండుటాకులు, చెరకు పిప్పి కప్పండి. నల్ల సంచులకి పడమటి ఎండ నేరుగా తగిలితే వేర్లు ఉడికిపోతాయి, పాత గోనె కప్పండి. ఇంత చేసినా మే నెలలో కాపు ఆశించకుండా బతికిస్తే చాలు, మిర్చి, వంగ మొదటి వానకి వాటంతటవే చిగురిస్తాయి.

కోతులు, ఉడతలు, పావురాలు?

పావురాలకి నైలాన్ వల, ఉడతలకి కాయకి గుడ్డ సంచి. కోతులకి నా దగ్గర జవాబు లేదు. అద్దాలు, పులి బొమ్మ, టపాకాయలు అన్నీ చూశాం, పులి బొమ్మ మీద కూర్చునే మా బీరకాయలు తిన్నాయి. అవి వచ్చే ప్రాంతమైతే కాకర, మిర్చి, గోంగూర, కంద ఎక్కువ వేసుకోండి, వాటి జోలికి తక్కువగా వస్తాయి.

డబ్బు మిగులుతుందా?

మొదటి ఏడాది మిగలదు. సంచులు, మట్టి, నెట్ కలిపి చూస్తే ఆ మొదటి వంకాయ బంగారం ధర పడుతుంది. రెండో ఏడు నుంచి ఆకుకూరలు, మిర్చి, కరివేపాకు, దొండ కొనడం దాదాపు ఆగిపోతుంది. ఉల్లి, బంగాళాదుంప జోలికి పోకండి, చోటు దండగ.

మొదటిసారి మొదలుపెట్టేవాళ్లు ఏవి వేయాలి?

తోటకూర, గోంగూర, బెండ, మిర్చి, దొండ. తోటకూర నెలలోపే కోతకొస్తుంది కాబట్టి ఉత్సాహం చావదు. బెండ నలభై ఐదు, యాభై రోజులకి మొదలవుతుంది, రోజు విడిచి రోజు కోయకపోతే పీచు పడుతుంది, ఊరెళ్లేటప్పుడు పక్కింటి వాళ్లని కోసుకోమని చెప్పి వెళ్లండి.

పొట్లకాయకి రాయి కట్టాలా?

వంకర తిరగకుండా కట్టేవారు, మేమూ కడతాం. గోలీ సైజు రాయి, పురికొసతో, పిందె జానెడు అయ్యాక కొసకి. పెద్దది కడితే తెల్లారేసరికి రాయీ పిందే రెండూ కిందుంటాయి.